ఎలివేటర్ అడుగున పెట్టిన చేయి: ఒక రైస్ మిల్లులో భద్రతా కార్యక్రమం

ఈ కేసు పాత నల్గొండ జిల్లాలోని ఒక రైస్ మిల్లుది. మిల్లు పేరు, ఊరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు ఒకటి రెండు మార్చాను. పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు సేఫ్టీ విభాగంలో పనిచేసి నేర్చుకున్న పద్ధతిని 80 మంది పనిచేసే మిల్లులోకి ఉన్నదున్నట్టు తెచ్చాను. అది అక్కడ నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో, తర్వాత దేన్ని పట్టుకుని ముందుకు పోయామో రాస్తే చిన్న ఫ్యాక్టరీల యజమానులకు, వాళ్లకు సలహా ఇచ్చే నాలాంటి వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

అది బాయిల్డ్ బియ్యం మిల్లు. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టించి, డ్రయ్యర్లలో ఆరబెట్టి మర ఆడిస్తారు. బాయిలర్‌లో మండేది ఆ మిల్లు ఊకే. ధాన్యం ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పోవాలంటే ఎలివేటర్లే దారి. నిలువుగా నిలబెట్టిన రేకు గొట్టం, లోపల బెల్టు, బెల్టుకు వరసగా బిగించిన బకెట్లు. అవి కింద ధాన్యం ముంచుకుని, పైకి పోయి కుమ్మరించి, మళ్లీ కిందికి వస్తాయి. ఆ మిల్లులో ఇలాంటివి 14 ఉన్నాయి.

నెల జీతం మీద ఉన్నవాళ్లు 28 మంది: ఆపరేటర్లు, బాయిలర్ అటెండెంటు, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, గుమాస్తాలు, వాచ్‌మన్లు. హమాలీలు 40 మంది, రెండు ముఠాలు. ఒకటి చుట్టుపక్కల ఊళ్లవాళ్లది, రెండోది బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లది. ఊడ్వడానికి, చెరగడానికి 12 మంది ఆడవాళ్లు. హమాలీలకు కూలి బస్తా లెక్కన. ధాన్యం బస్తా 40 కిలోలు, బియ్యం బస్తా 50 కిలోలు.

పని ఎక్కువగా కస్టమ్ మిల్లింగ్. ప్రభుత్వం ధాన్యం ఇస్తుంది, మిల్లు క్వింటాకు 68 కిలోల బాయిల్డ్ బియ్యం గడువులోగా అప్పగించాలి. గడువు దగ్గరపడే కొద్దీ మర ఆపుదామని ఎవరూ నోరు తెరిచి అనలేరు. తర్వాత జరిగిన ప్రతి సంగతి వెనక ఈ ఒత్తిడి ఉంది.

అప్పటికి అమల్లో ఉన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. కరెంటుతో నడుస్తూ 10 మంది పనిచేస్తే చాలు, ఆ చట్టం వర్తించేది. కదిలే భాగాలకు రక్షణ కంచె ఉండాలని సెక్షన్ 21 చెప్పింది. తిరుగుతున్న యంత్రాన్ని దగ్గరికి పోయి చూడక తప్పకపోతే, ప్రత్యేకంగా శిక్షణ పొందిన వయోజన పురుషుడే, అదీ ఒంటికి బిగుతుగా ఉండే బట్టలు వేసుకుని పోవాలని సెక్షన్ 22 చెప్పింది. ఆ బట్టలు యజమానే ఇవ్వాలి. లుంగీలు, భుజం మీద తువ్వాళ్లు ఉండే మిల్లులో నిలబడితే ఆ వాక్యం విలువ తెలుస్తుంది. సేఫ్టీ ఆఫీసర్ మాత్రం 1000 మంది ఉంటేనే తప్పనిసరి. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ సంఖ్య 500కి, ప్రమాదకరమైన పనులున్న చోట 250కి తగ్గింది. 80 మంది ఉన్న మిల్లులో భద్రత సంగతి చూసుకోవడానికంటూ ఒక మనిషి అప్పుడూ లేడు, ఇప్పుడూ ఉండడు.

నన్ను పిలిచిన కారణం

2022 మే నెల, రాత్రి షిఫ్టు. డ్రయ్యర్ తర్వాత ఉన్న ఎలివేటర్ చోక్ అయింది. ఆపరేటర్ స్టార్టర్ ఆపేశాడు. సాయంగా ఉన్న 22 ఏళ్ల హమాలీ కుర్రాడు ఎలివేటర్ అడుగున ఉన్న పలక తీసి, ఇరుక్కున్న ధాన్యాన్ని చేత్తో లాగుతున్నాడు. స్టార్టర్లు ఉండే ప్యానెల్ గది గోడకు అవతల ఉంది. బయటి నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒక స్టార్టర్ ఆగి ఉండడం చూసి, ట్రిప్ అయిందనుకుని నొక్కాడు. కుర్రాడి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

ఇందులో ఎవరూ నిర్లక్ష్యంగా లేరు. ఆపరేటర్ ఆపాకే చేయి పెట్టించాడు. ఆగిన మోటారును మళ్లీ నడపడం ఎలక్ట్రీషియన్ పని. గోడకు ఇవతల ఏం జరుగుతోందో అవతల ఉన్నవాడికి తెలిసే ఏర్పాటు లేదు. అంతే.

రెండు వారాల తర్వాత యజమాని ఫోన్ చేశారు. ఆయన మనసు బాగా కష్టపెట్టుకున్నారని గొంతులోనే తెలిసింది. "పోయిన వేళ్లు తెచ్చియ్యలేం సార్. ఇంకోసారి కావొద్దు. బోర్డులు, హెల్మెట్లు ఏం కావాల్నో రాసియ్యండి. ఒక ఫైలు కూడా తయారు చేసియ్యండి" అన్నారు.

ముందు చూసినవి

మొదటి రోజు ప్రమాదాల రిజిస్టర్ అడిగాను. ఆరేళ్లలో ఒకే ఎంట్రీ, అది ఈ ప్రమాదమే. 80 మంది, 14 ఎలివేటర్లు, ఒక బాయిలర్, లారీల రాకపోకలు ఉన్న చోట ఆరేళ్లు ఎవరికీ ఏమీ కాలేదంటే నమ్మలేకపోయాను. అందుకని గుమాస్తాను రోజువారీ ఖర్చుల పుస్తకం చూపించమన్నాను. డబ్బు కదిలితే గుమాస్తా రాయకుండా ఉండడు.

ఆ ఎర్ర అట్ట పుస్తకంలో డీజిల్, టీ, సుతిలి తాడు, బల్బుల మధ్యన "కట్టు ఖర్చు 150", "సూది మందు 80", "మేస్త్రి మనిషి కాలు, 600" అని చిన్న అక్షరాలతో రాసి ఉన్నాయి. పద్దెనిమిది నెలల పేజీలు తిప్పితే అలాంటివి 23 తేలాయి. ముఠా మేస్త్రిని, మిల్లు వాళ్లు పోయే ఆర్‌ఎంపీని అడిగితే దేనికి ఏం జరిగిందో చాలావరకు చెప్పారు. వాటిలో తొమ్మిది, చేతులకు తగిలిన దెబ్బలు. ఆ తొమ్మిదిలో ఆరు ఎలివేటర్ల దగ్గరే. మిగతావి నడుము పట్టేయడం, బస్తా జారి కాలి మీద పడడం, బాయిలర్ బూడిదతో కాలడం.

ఆ లెక్క చేతిలో ఉన్నా నేను సరైన దారి పట్టలేదు. యజమాని తొందరలో ఉన్నారు, వానాకాలం ధాన్యం దిగేలోపు ఏదో ఒకటి కనబడాలన్నారు. నాకు అలవాటైన వరసలోనే మొదలుపెట్టాను: రక్షణ సామగ్రి, బోర్డులు, శిక్షణ తరగతి.

పనిచేయనివి

హెల్మెట్లు వారం కూడా నిలవలేదు. హమాలీ బస్తాను మెడకు, వీపుకు ఆనించి మోస్తాడు. తల మీద హెల్మెట్ ఉంటే బస్తా కూర్చోదు. ఒక్క పూట గోదాములో నిలబడి చూసి ఉంటే కొనమని రాసేవాణ్ని కాను. చేతి తొడుగుల విషయంలో నా తప్పు ఇంకా పెద్దది. అందరికీ నూలు తొడుగులు ఇప్పించాను. బియ్యం బస్తాలు కుట్టేవాళ్లకు, బూడిద లాగేవాళ్లకు అవి మేలు చేశాయి. కానీ తిరిగే బెల్టు దగ్గర తొడుగు ప్రమాదం. పాలిషర్ దగ్గర ఒకతని తొడుగు కొస వీ-బెల్టులో పడి చేతి నుంచి ఊడి పోయింది. అది కొంచెం వదులుగా ఉండబట్టి చేయి దక్కింది. ఆ రోజే యంత్రాల దగ్గర పనిచేసే అందరి తొడుగులూ వెనక్కి తీసుకున్నాను, పొరపాటు నాదేనని వాళ్ల ముందే చెప్పాను.

శిక్షణ తరగతి షిఫ్టు మారే సమయంలో, ఆఫీసు వరండాలో, గోడ మీద బొమ్మలు వేసి పెట్టాను. నేను మాట్లాడింది తెలుగు. బీహార్ ముఠా వాళ్లు మర్యాదగా కూర్చున్నారు, రిజిస్టర్‌లో వేలిముద్రలు వేశారు, లేచి పోయారు. స్థానిక ముఠాలో సగం మంది రాలేదు. "అరగంట కూసుంటే ముప్పై బస్తాల కూలి పోతది సార్, ఎవరిస్తరు?" అని మేస్త్రి అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. బస్తా లెక్కన బతికే మనిషి దగ్గర అరగంట ఊరికే అడగడం అన్యాయం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది జరిమానా. ఇది యజమాని ఆలోచన, నేను గట్టిగా అడ్డుచెప్పలేదు. పలక తీసి చేయి పెడితే 200 రూపాయలు. రెండు నెలల్లో ఖర్చుల పుస్తకంలో కట్టు ఖర్చులు ఒక్కటీ లేవు. యజమాని సంతోషించారు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే ఎలివేటర్లు చోక్ అవడం ఆగలేదు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాను. ఆ రెండు నెలల్లో మిల్లు వాళ్లు నలుగురు వచ్చారని, సొంత డబ్బులిచ్చి కట్టు కట్టించుకుని పోయారని ఆయన చెప్పారు. దెబ్బలు ఆగలేదు, మాకు తెలియడం ఆగిపోయింది.

యజమానితో ఆ సాయంత్రం రెండు గంటలు మాట్లాడాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "భయం లేకపోతే ఎవరింటరు సార్?" అన్నారు. ఆర్‌ఎంపీ చెప్పిన నలుగురి సంగతి చెప్పాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు జరిమానా ఎత్తేశారు, తీసుకున్న డబ్బు తిరిగి ఇప్పించారు. తిరిగి ఇవ్వడం నేను అడగలేదు. ఆ పని ఆయన తనంతట తాను చేశారు.

చేయి ఎందుకు పెడుతున్నారు

ఆ వారం మూడు రాత్రులు డ్రయ్యర్ ఎలివేటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చోక్ అయిన ప్రతిసారీ ఆపరేటర్‌ను గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీయమన్నాను. మొదటి రాత్రి 9 గీతలు, రెండో రాత్రి 11, మూడో రాత్రి 8. అంటే ఒక్క షిఫ్టులో ఎనిమిది పదిసార్లు ఎవరో ఒకరు పలక తీసి లోపలికి చేయి పెడుతున్నారు. అప్పటిదాకా నేను అడుగుతున్న ప్రశ్న వీళ్లు రూలు ఎందుకు పాటించరు అని. ఆ గీతలు చూశాక అడగాల్సింది ఎలివేటర్ ఇన్నిసార్లు ఎందుకు చోక్ అవుతోంది అని.

ఆపరేటర్ పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాడు. ఇన్నాళ్లూ ఆయన్ని ఎవరూ అడగలేదు. "గడ్డి, సుతిలి వస్తయి సార్. గుంత మీద జాలి చినిగి రెండు సీజన్లాయె. బెల్టు కూడా లూజు" అన్నాడు. ధాన్యం కుమ్మరించే గుంత మీద ఉన్న ఇనుప జాలి ఒక మూల చిరిగి ఉంది. గోనె సంచుల సుతిలి తాళ్లు, గడ్డి పోచలు అందులోంచి దిగి, శుభ్రం చేసే జల్లెడను కూడా దాటి, బకెట్లకు చుట్టుకుంటున్నాయి. వదులైన బెల్టు ఆ బరువుకు జారి ఆగిపోతోంది.

ఫలించినవి

మొదట చేసింది చోక్‌లు తగ్గించడం. గుంతకు కొత్త జాలి వేశాం, జల్లెడ మార్చాం, బెల్టులు బిగించాం. బస్తా విప్పేటప్పుడు సుతిలిని కోసి పక్కనున్న డబ్బాలో వేయడం హమాలీల పనిలో చేర్చి, దానికి బస్తాకు కొంత కూలి కలిపారు. ఖర్చు యజమాని ఊహించినదాని కన్నా తక్కువైంది. నెల తిరిగేసరికి గోడ మీద గీతలు షిఫ్టుకు రెండుకు దిగాయి. ప్రమాదం తగ్గించడంలో ఇదే మొదటి మెట్టు అని పుస్తకాల్లో చదివాను, పదిమందికి చెప్పాను కూడా. చేయి లోపలికి పోవాల్సిన అవసరమే తీసేయాలి. ఆ తర్వాతే యంత్రానికి రక్షణ, ఆ తర్వాత రూలు, చివరన ఒంటి మీద వేసుకునేవి. ఈ మిల్లులో నేను చివరి మెట్టు నుంచి మొదలుపెట్టాను.

మిగిలిన ఆ రెండుసార్లకు ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. పలక తీస్తే మోటారు నడవకుండా లిమిట్ స్విచ్ పెట్టొచ్చు. ఫిట్టర్‌తో మాట్లాడాక వద్దనుకున్నాను. ఆ దుమ్ములో స్విచ్ పది రోజులకోసారి మొరాయిస్తుంది. మొరాయించిన రాత్రి ఎవరో ఒకరు వైరు కలిపేస్తారు, ఇక ఆ వైరు అలాగే ఉండిపోతుంది. పనిచేస్తోందని నమ్ముతూ పనిచేయని రక్షణ, అసలు లేనిదానికన్నా ప్రమాదం. అందుకే తాళం ఎంచుకున్నాం.

ప్రతి ఎలివేటర్ మెయిన్ స్విచ్‌కు ఆపి తాళం వేసే కొక్కెం పెట్టించాం. ఎర్ర రంగు తాళాలు ఆరు కొన్నాం, ఒక్కో దానికి ఒకే తాళంచెవి ఉంచి మిగతావి యజమాని ముందే విరగ్గొట్టాం. చేయి పెట్టే మనిషే తాళం వేయాలి, చెవి అతని ఒంటి మీదే ఉండాలి. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు. తాళం వేశాక స్టార్టర్ ఒకసారి నొక్కి, కదలడం లేదని చూసుకుని మరీ పోవాలి. లుంగీ కట్టుకున్నవాడికి జేబు ఉండదని ఫిట్టర్ గుర్తుచేస్తే చెవులకు ఎర్రదారం కట్టాం. చాలామంది దాన్ని మొలతాడుకు ముడివేసుకున్నారు.

దీనికి ప్రాణం పోసిన చిన్న మార్పు ఫిట్టర్ చెప్పిందే. పలకలకు చేత్తో తిప్పే రెక్క నట్లు ఉండేవి. వాటి స్థానంలో పానా లేనిదే ఊడని బోల్టులు వేశాడు. ఆ సైజు పానాలు ప్యానెల్ గదిలో, తాళాల బోర్డు పక్కనే వేలాడదీశాడు. ఇప్పుడు పలక తీయాలంటే పానా కోసం ప్యానెల్ గదికి పోక తప్పదు. పోతే తాళం ఎదురుగా ఉంటుంది. ఎలివేటర్ అడుగున అందేంత దూరంలో ఎమర్జెన్సీ స్టాప్ బటన్ కూడా పెట్టించాం.

శిక్షణను వరండా నుంచి యంత్రం పక్కకు మార్చాం. పది నిమిషాలు, ఒక్కటే పని: తాళం వేయడం, నొక్కి చూడడం, చెవి దగ్గర ఉంచుకోవడం. బీహార్ ముఠాకు వాళ్లలోనే ఒక కుర్రాడు వాళ్ల భాషలో చేసి చూపించాడు. వారానికి ఒకసారి జరిగే ఆ పది నిమిషాలకు పది బస్తాల కూలి కట్టి ఇవ్వడానికి యజమాని ఒప్పుకున్నారు. ఆ వారం నుంచి మేస్త్రి తన మనుషులను తానే వెంటబెట్టుకుని వచ్చాడు.

దెబ్బల లెక్కకు కొత్త రిజిస్టర్ పెట్టలేదు. గుమాస్తా ఖర్చుల పుస్తకంలోనే ఒక గడి గీసి, ఎక్కడ, ఏం చేస్తుండగా అని రాయడం మొదలుపెట్టాడు. దెబ్బ తగలకుండా తప్పిపోయినవి కూడా నోటిమాటగా వాచ్‌మన్‌కు చెబితే చాలు, ఆయన గుమాస్తాకు చేరవేస్తాడు. మొదటి నెలలో ఎంట్రీలు పెరిగాయి. పెరుగుతాయని యజమానికి ముందే చెప్పి ఉంచాను. లేకపోతే కార్యక్రమం దెబ్బతిన్నదని అనుకునేవారు.

ధాన్యం నిల్వ ఉంచే బిన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అడుగున ధాన్యం దిగుతుండగా పైన బిన్నులోకి మనిషి దిగితే ఊబిలా లాగేస్తుంది, ఊపిరి అందదు. ఎవరూ దిగకుండా పై మూతలకు ఇనుప కడ్డీలు వెల్డ్ చేయించి, గడ్డకట్టిన ధాన్యాన్ని పైనుంచే పొడవాటి గొట్టంతో కదిలించేలా చేశాం. ఇది ఒక్క రోజు పని.

తాళానికి పరీక్ష వచ్చిన రాత్రి

2023 ఏప్రిల్‌లో, యాసంగి ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరి ఉన్న రాత్రి, ఒక ఎలివేటర్ స్విచ్‌కు తాళం ఉంది. ఫిట్టర్ పని ముగించి, తాళం తీయడం మరిచి, చెవితో సహా ఇంటికి పోయాడు. ఫోన్ ఎత్తడం లేదు. ఆపరేటర్ తాళం పగలగొడతానని యజమానికి ఫోన్ చేశాడు. యజమాని నాకు చేశారు.

"పగలగొట్టనియ్యండి అంటే ఇరవై నిమిషాలు మిగులుతయి. మీరేమంటరు?" అని అడిగారు. ఫిట్టర్ మిల్లులో లేడని ఎవరైనా కళ్లారా చూశారా అని అడిగాను. లేదు. లోపల ఉండొచ్చు కదా అన్నాను. వాచ్‌మన్‌ను బైకు మీద పంపారు. ఫిట్టర్ ఇంట్లో పడుకుని ఉన్నాడు. చెవి తెచ్చేసరికి నలభై నిమిషాలైంది. ఆ నలభై నిమిషాలు మర ఆగింది, యజమాని ఎవరినీ ఒక్క మాట అనలేదు. మర్నాటి పొద్దున పది నిమిషాల సమావేశంలో ఆయనే ఈ సంగతి అందరికీ చెప్పి, తాళం వేసిన మనిషిని కళ్లారా చూడకుండా తాళం ముట్టుకోవద్దని రూలు పెట్టారు. నా లెక్కలో ఆ మిల్లులో భద్రతా కార్యక్రమం మొదలైంది ఆ రోజే.

ఈఎస్‌ఐ

వేళ్లు పోయిన కుర్రాడికి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, లేదు. హమాలీలు ముఠా మనుషులు, మిల్లు మనుషులు కారని గుమాస్తా వాదన. మేస్త్రి ద్వారా వచ్చినా, మిల్లు ఆవరణలో మిల్లు పని చేసేవాళ్ల చందా కట్టే బాధ్యత అసలు యజమానిదేనని చట్టం చెబుతుంది. యజమాని వాటా కూలిలో 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉండాల్సి వస్తే కూలిలో 90 శాతం దాకా వస్తుంది. ఆ ప్రమాదంలో ఆసుపత్రికి, పరిహారానికి యజమాని చేతి నుంచి పెట్టిన సొమ్ము ఎన్నేళ్ల చందాకు సమానమో గుమాస్తాతోనే లెక్క వేయించాను. ఆ నెలలోనే అందరి పేర్లూ ఎక్కించారు.

నేను నేర్చుకున్నవి

రిజిస్టర్ ఖాళీగా ఉంటే డబ్బు రాసే పుస్తకం అడుగుతాను. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీకి పోయినా మొదటి రోజు చేసే పని ఇదే.

ఏదైనా కొనమని రాసే ముందు ఆ పని మొదటి నుంచి చివరిదాకా ఒక పూట చూస్తాను. తొడుగుల విషయంలో దక్కింది అదృష్టం వల్ల. ఒకరి చేయి అదృష్టం మీద ఆధారపడకూడదు.

జరిమానా ఉన్న చోట నిజమైన లెక్క దొరకదు. యజమానులు దీన్ని తేలిగ్గా నమ్మరు, కాబట్టి వాదించడం మాని ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల షాపుకో పోయి రుజువు తెస్తాను.

ఈ మిల్లులో నిలబడిన మార్పుల్లో దాదాపు ప్రతిదీ ఆపరేటర్, ఫిట్టర్, మేస్త్రి నోట్లోంచి వచ్చింది. నేను తెచ్చినవాటిలో తాళం ఒక్కటే మిగిలింది, అది కూడా ఫిట్టర్ చేతిలో పడ్డాకే మిల్లుకు సరిపోయింది.

ఇంకా తేలనివి

2023 చివరిదాకా నేను చూసినంతలో ఎలివేటర్ల దగ్గర చేతికి తగిలిన దెబ్బ ఒక్కటీ పుస్తకంలోకి ఎక్కలేదు. నడుము నొప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. 50 కిలోల బస్తాను పదకొండో వరసకు ఎక్కించే పనికి తాళాలు, జాలీలు జవాబు కావు. బస్తాలు పైకెక్కించే కన్వేయర్ పెడితే కూలి తగ్గిస్తారేమోనని ముఠాలు భయపడుతున్నాయి. ఆ భయం న్యాయమైనదే, కూలి రేటు సంగతి రాతపూర్వకంగా తేల్చకుండా ఆ మాట ఎత్తొద్దని యజమానికి చెప్పాను.

దుమ్ము సంగతి ఇంకా మిగిలింది. జల్లెడ దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊడ్చే ఆడవాళ్లలో ముగ్గురికి ఆగకుండా దగ్గు ఉంది. దుమ్ము పీల్చే సైక్లోన్‌కు కొటేషన్ వచ్చింది, యజమాని వచ్చే సీజన్ అన్నారు. ఈలోగా ఆ ముగ్గురినీ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్షకు పంపాం. పొడిగా ఊడ్వడం ఆపించి, సంచి ఉన్న వాక్యూమ్ ఒకటి తెప్పించాం. పంపిన రోజు వాళ్ల కూలి కోయొద్దని నేను చెప్పబోతుంటే, గుమాస్తా ఎర్ర అట్ట పుస్తకం తెరిచి, అప్పటికే రాసి ఉంచిన మూడు పేర్లు, వాటి పక్కన పూర్తి కూలి చూపించాడు.